ఆగాల్సిన చోట ఆగడం

కొండ గొరిల్లాలను చూడటానికి వెళ్లాలనుకునేవాళ్లు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎంత ఖర్చవుతుంది, ఎంత దూరం నడవాలి, ఎంత దగ్గర నుంచి చూడొచ్చు. మొదటి రెండింటి చుట్టూ నెలల తరబడి తిరుగుతారు. డబ్బు కూడబెడతారు, బూట్లు కొంటారు, పొద్దున్నే నడక మొదలుపెడతారు. మూడో ప్రశ్న దగ్గర మాత్రం ఎవరూ ఆగి ఆలోచించరు. ఎంత దగ్గరైతే అంత మంచిదనే జవాబు అందరికీ ముందే తెలుసన్నట్టు ఉంటారు. నా ఉద్దేశంలో ఈ ప్రయాణం మొత్తంలో జాగ్రత్తగా ఆలోచించాల్సిన ప్రశ్న అదొక్కటే. కాళ్లకు సాధన కావాలి, నిజమే. కానీ అంతకన్నా ఎక్కువ సాధన మన కోరికకు కావాలి. చూడాలని ఏళ్లుగా అనుకున్నది కళ్లెదుటే కూర్చుని ఆకులు నములుతున్నప్పుడు ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండా ఉండగలగడం ఒక నైపుణ్యం. అది అడవిలోకి వెళ్లాక అప్పటికప్పుడు పుట్టదు. ఇంటి దగ్గరే, పర్మిట్‌కు డబ్బు కట్టకముందే అలవరచుకోవాలి. సందర్శకుల్లో ఆ నిగ్రహం ఉంటే ఈ పర్యాటకం గొరిల్లాలను కాపాడుతుంది, లేకపోతే అదే వాటి ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే కొంచెం చరిత్రతో మొదలుపెట్టాలి.

కొండ గొరిల్లాలు ప్రపంచంలో రెండే చోట్ల బతుకుతున్నాయి. ఒకటి రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దులు కలిసే చోట ఉన్న విరుంగా అగ్నిపర్వతాల శ్రేణి. రెండోది ఉగాండా నైరుతి మూలనున్న బ్విండి అడవి, దాన్ని ఆనుకుని కాంగో వైపున్న చిన్న సరంబ్వే అడవి. విరుంగాలో 2015-16లో చేసిన లెక్కలో 604, బ్విండి వైపు 2018లో చేసిన లెక్కలో 459 తేలాయి. రెండూ కలిపి 1,063. జూలలో మనకు కనిపించేవి పల్లపు అడవుల గొరిల్లాలు. కొండ గొరిల్లా ఏ జూలోనూ లేదు కాబట్టి చూడాలంటే ఆ కొండలు ఎక్కాల్సిందే. ఈ సంఖ్య చిన్నదిగా అనిపించవచ్చు గానీ, 1980ల మొదట్లో విరుంగాలో మిగిలినవి 254 మాత్రమే. అప్పటికి ఆ అడవి నాలుగు వైపులా కరిగిపోతోంది. 1960ల చివర రువాండాలోని వాల్కనోస్ పార్కు నుంచి దాదాపు 10,000 హెక్టార్లు తీసి, పురుగుమందు తయారీకి పనికొచ్చే పైరెత్రం పూల సాగుకు ఇచ్చేశారు. 1970ల చివర మరికొంత భూమిని పశువుల పెంపకానికి ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. 1967లో కరిసోకే పరిశోధన కేంద్రాన్ని స్థాపించిన డయాన్ ఫాసీ వేటగాళ్లతో నేరుగా తలపడింది. ఆమె ఎంతో ఇష్టంగా గమనిస్తూ వచ్చిన డిజిట్ అనే మగ గొరిల్లాను 1977 చివరి రోజున వేటగాళ్లు చంపేశారు. ఆ కాలంలోనే అక్కడ పనిచేసిన బిల్ వెబర్, ఎమీ వెడ్డర్ దంపతులు మరో దారి ఆలోచించారు. పశువుల కన్నా గొరిల్లాల వల్లే దేశానికి ఎక్కువ ఆదాయం వస్తుందని చూపిస్తే అడవి మిగులుతుందని వాళ్ల వాదన. 1979లో మొదలైన మౌంటెన్ గొరిల్లా ప్రాజెక్టు కింద కొద్దిమంది సందర్శకులను, లెక్క ప్రకారం, గట్టి నియమాలతో లోపలికి పంపడం ఆరంభమైంది. ఫాసీ దీన్ని వ్యతిరేకించింది. మనుషుల రాకపోకలు గొరిల్లాలకు చేటు తెస్తాయని ఆమె భయం. ఆ భయం తప్పు కాదని ఇప్పుడు మనకు తెలుసు. వెబర్, వెడ్డర్ల లెక్క కూడా తప్పలేదని తెలుసు. ఈ రెండు నిజాలూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టే సందర్శకుడి ప్రవర్తనకు అంత విలువ వచ్చింది.

లెక్క తప్పలేదనడానికి ఆధారం ఉంది. 1967 నుంచి 2008 వరకు విరుంగా గొరిల్లాల వివరాలను పరిశీలించిన ఒక పరిశోధన 2011లో వెలువడింది. మనుషులకు అలవాటు పడిన గుంపులు ఏడాదికి సుమారు 4.1 శాతం చొప్పున పెరిగితే, అలవాటు లేని గుంపులు ఏడాదికి 0.7 శాతం తగ్గాయని అందులో తేలింది. అలవాటు పడిన గుంపుల దగ్గరికి జాడలు పట్టే ట్రాకర్లు రోజూ వెళ్తారు. ఉచ్చులో చెయ్యి ఇరుక్కున్నా, దగ్గు మొదలైనా ఆ రోజే కబురు అందుతుంది, పశువైద్యులు కొండెక్కి వచ్చి చికిత్స చేస్తారు. రెండు రకాల గుంపుల మధ్య కనిపించిన తేడాలో 40 శాతం దాకా ఈ వైద్యం వల్లే కావచ్చని ఆ పరిశోధకుల అంచనా. ఇక్కడ ఒకటి గమనించాలి. గొరిల్లాలను పెంచింది సందర్శకుల చూపు కాదు. సందర్శకులు కట్టిన డబ్బుతో నడిచే కాపలా, వైద్యం పెంచాయి. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కొండ గొరిల్లాలను అత్యంత ప్రమాదంలో ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు దించి, ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చింది. మనిషికి దగ్గరి బంధువులైన పెద్ద వానరాల్లో సంఖ్య పెరుగుతున్నది ఇదొక్కటే.

ఇక చేటు సంగతి. గొరిల్లా శరీరం మన శరీరానికి చాలా దగ్గరిది. మన జబ్బులు దానికి అంటుతాయి, వాటిని తట్టుకునే శక్తి మాత్రం దానికి లేదు. 1996లో బ్విండిలో ఒక గుంపుకు గజ్జి సోకి వెంట్రుకలు ఊడిపోయాయి, ఒక పిల్ల గొరిల్లా చనిపోయింది. అప్పట్లో ఉగాండా వన్యప్రాణి విభాగంలో పశువైద్యురాలిగా ఉన్న గ్లాడిస్ కలెమా జికుసోకా మిగిలినవాటికి మందు ఇచ్చి కాపాడింది. అడవి చుట్టూ ఉన్న పల్లెల్లో ఆరోగ్య సేవలు సరిగా లేకపోవడం నుంచే ఈ జబ్బు వచ్చిందని గ్రహించి, తరువాత మనుషుల ఆరోగ్యాన్నీ గొరిల్లాల ఆరోగ్యాన్నీ కలిపి చూసే సంస్థను స్థాపించింది. 2009లో రువాండాలో ఒక గుంపులో వరసగా జలుబు, దగ్గు కనిపించాయి. చనిపోయిన గొరిల్లాల్లో మనుషులకు వచ్చే మెటాన్యుమో వైరస్ దొరికింది. మనకు అది నాలుగు రోజుల రొంప. కొండ గొరిల్లాల మరణాలకు గాయాల తర్వాత పెద్ద కారణాల్లో శ్వాసకోశ జబ్బులు ఉన్నాయి. మన ఇళ్లలో పురిటి గది దగ్గర పాటించే పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది. జలుబు చేసిన మనిషి ఎంత దగ్గరి చుట్టమైనా, ఎంత దూరం నుంచి వచ్చినా గుమ్మం దగ్గరే ఆగిపోతాడు, బిడ్డను ఎత్తుకోనివ్వలేదని ఎవరి మీదా కోపం తెచ్చుకోడు. గొరిల్లా ట్రెక్ నియమాలు ఈ తర్కంతోనే పుట్టాయి. ఒక గుంపు దగ్గరికి రోజుకు ఎనిమిది మంది సందర్శకులే వెళ్లాలి, అదీ ఒక్క గంటే ఉండాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు. దూరం చాలాకాలం పాటు 7 మీటర్లు ఉండేది, కోవిడ్ తరువాత 10 మీటర్లకు పెంచి మాస్కు తప్పనిసరి చేశారు. ఫ్లాష్ వాడకూడదు, గొరిల్లాల దగ్గర తినకూడదు, ఉమ్మకూడదు.

ఈ నియమాలు కాగితం మీద చక్కగా ఉన్నాయి. అడవిలో ఏం జరుగుతోందో చూద్దాం. బ్విండిలో పర్యాటక బృందాలతో కలిసి వెళ్లి గమనించిన ఒక పరిశోధన 2020లో వచ్చింది. ఏడు మీటర్ల నియమం అప్పటికి అమల్లో ఉన్నా, గమనించిన యాత్రల్లో 98 శాతం వాటిలో అది తప్పింది. ఇంతమంది తప్పారంటే వాళ్లంతా బాధ్యత లేనివాళ్లు అనుకోవడానికి వీల్లేదు. ప్రతివాళ్లూ ఆ పొద్దున నియమాలు విన్నారు, తల ఊపారు. తప్పు జరిగే తీరును దగ్గర నుంచి చూస్తే విషయం అర్థమవుతుంది. తెల్లవారుతూనే ట్రాకర్లు ముందు రోజు గుంపును వదిలిన చోటికి వెళ్తారు. గొరిల్లాలు రోజూ రాత్రి ఆకులు, కొమ్మలు వంచి కొత్త పడక చేసుకుంటాయి. ట్రాకర్లు ఆ పడకలను పట్టుకుని, అక్కడి నుంచి అడుగుజాడలు చూసుకుంటూ గుంపు ఎక్కడుందో కనిపెట్టి రేడియోలో చెబుతారు. మీరు గైడ్ వెనకాల ఒక గంట నడవవచ్చు, ఐదారు గంటలైనా నడవవచ్చు. జారే బురద, తాకితే మంట పుట్టించే నెటిల్ మొక్కలు, కత్తితో కొట్టుకుంటూ పోతే తప్ప దారి లేని తీగలు. ఒకచోట గైడ్ చెయ్యెత్తుతాడు. కర్రలు, సంచులు కింద పెట్టి మాస్కులు వేసుకోమంటాడు. గొంతులో లోతుగా రెండుసార్లు గురగురమనే శబ్దం చేస్తాడు. గొరిల్లాలు ఒకదానికొకటి అంతా బాగుందని చెప్పుకునే శబ్దం అది. అవతల నుంచి అలాంటి గురగురే బదులొస్తుంది. ఆకుల మధ్య వెండి రంగు వీపు కనిపిస్తుంది. ముందున్న మనిషికి ఒక కొమ్మ అడ్డమొస్తుంది, రెండడుగులు పక్కకు జరుగుతాడు. వెనకున్నవాడికి ఇప్పుడు ముందున్నవాడే అడ్డం, అతను మూడడుగులు ముందుకు వస్తాడు. గంటలో ఇరవై నిమిషాలు అయిపోయాయని ఎవరో గుసగుసలాడతారు. కెమెరా తెర మీద దూరం తెలియదు. నియమం తప్పాలని ఎవరూ అనుకోలేదు, అయినా ఎనిమిది మందీ మూడు నాలుగు మీటర్ల దగ్గర ఉంటారు.

గైడ్ ఆపవచ్చు కదా అంటారు. ఆపాలి, చాలామంది ఆపుతారు కూడా. కానీ అతని స్థానంలో నిలబడి చూడండి. ఎదురుగా ఉన్నవాళ్లు అతని ఏడాది సంపాదనలో పెద్ద వాటాకు సమానమైన డబ్బును ఒక్క పూటకు ఖర్చుపెట్టి వచ్చినవాళ్లు. గంట పూర్తయ్యాక వాళ్లు ఇచ్చే టిప్పు అతని ఇంటికి ముఖ్యం. వాళ్ల ముఖంలో నిరాశ కనిపించకూడదని అతనికి ఉంటుంది. అతను కొమ్మ వంచి చూపిస్తాడు, ఇంకొంచెం రమ్మని సైగ చేస్తాడు. సందర్శకుడు ఆ సైగను అనుమతి అనుకుంటాడు. ఇద్దరూ ఎదుటివాళ్ల మనసు తెలిసిందనుకుని, ఇద్దరికీ అక్కర్లేని పని చేస్తారు. ఈ ముడి విప్పగలిగినవాళ్లు సందర్శకులే. నడక మొదలుకాకముందే, ఉదయం నియమాలు చెప్పే సమయంలోనే గైడ్‌తో ఒక మాట అనండి: “మేము దూరంగానే ఉంటాం, దగ్గరికి తీసుకెళ్లకపోయినా మాకు సంతోషమే. ఎవరైనా ముందుకొస్తే మొహమాటపడకుండా ఆపండి.” మీతో వచ్చే మిగతా ఏడుగురి ముందు ఈ మాట అనడం ఇంకా మంచిది. ఎనిమిది మందిలో ఒక్కరు పైకి అన్నా గైడ్‌కు కొండంత బలం. టిప్పు సంగతి కూడా ఇంతే. దగ్గరగా చూపించినందుకు ఎక్కువ ఇవ్వడం వద్దు. గట్టిగా ఆపిన గైడ్‌కు, ఆపినందుకు ధన్యవాదాలు చెప్పి మరీ ఇవ్వండి.

మన వైపు నుంచి చేయాల్సిన సాధన ఇంకొకటి ఉంది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి చేసిన పరిశోధనల్లో ఒక సంగతి పదే పదే తేలింది. జాగ్రత్తగా ఉంటాను అని గాలిలో సంకల్పం చెప్పుకున్నవాళ్ల కన్నా, ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా పని చేస్తాను అని ముందుగా ఖరారు చేసుకున్నవాళ్లు మాట నిలబెట్టుకునే అవకాశం చాలా ఎక్కువ. ఆవేశం వచ్చే క్షణంలో కొత్తగా ఆలోచించే పని ఉండదు, అంతకుముందే ఆలోచన అయిపోయి ఉంటుంది. దీన్ని గొరిల్లా ట్రెక్‌కు తెచ్చుకోవడం తేలిక. కొమ్మ అడ్డమొస్తే నేను పక్కకే జరుగుతాను, ముందుకు జరగను. ముందున్నవాళ్లు దగ్గరికి వెళ్తే నేను వాళ్ల వెనక వెళ్లకుండా నా చోటనే ఉంటాను. తుమ్ము వచ్చేట్టు ఉంటే మాస్కు తీయకుండానే వెనక్కి తిరిగి మోచేతిలో తుమ్ముతాను. పిల్ల గొరిల్లా నా వైపు నడిచొస్తే చెయ్యి చాపను, గైడ్‌ను చూసి మెల్లగా వెనక్కి అడుగేస్తాను. ఇవి ప్రయాణానికి వారం ముందు కాగితం మీద రాసి, ఇంట్లో గట్టిగా రెండుసార్లు చదువుకోండి. పిల్లచేష్టలా అనిపించినా చదవండి. పది మీటర్లంటే ఎంతో కూడా చాలామందికి కంటితో తెలియదు. ఇంటి ముందు కొలిచి, ఒక కుర్చీ పెట్టి, అంత దూరం నుంచి కెమెరాలో చూసుకోండి. మీ ఫోన్‌తో ఆ కుర్చీ సరిగా పడకపోతే జూమ్ లెన్స్ అద్దెకు తీసుకోవాలని అప్పుడే తెలిసిపోతుంది.

కెమెరా గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మనల్ని ముందుకు లాగేది చాలాసార్లు కన్ను కాదు, తెర. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు 2014లో వెలువరించిన ప్రయోగంలో మ్యూజియంకు వచ్చినవాళ్లను కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నింటిని ఫొటో తీయమని చెప్పింది. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువుల కన్నా ఊరికే చూసిన వస్తువులే వాళ్లకు బాగా గుర్తున్నాయి. వస్తువులో ఒక భాగం మీదికి జూమ్ చేసి తీసినవాళ్లకు మాత్రం ఈ నష్టం కలగలేదు. గొరిల్లా ట్రెక్‌కు ఇంతకన్నా పనికొచ్చే పరిశోధన నాకు కనిపించలేదు. దొరికేది ఒక్క గంట. మొదటి పది నిమిషాలు కెమెరా సంచిలో ఉంచి చూడండి. ఆ తరువాత తీసినా, మొత్తం గుంపును ఒకేసారి పట్టాలనే తాపత్రయం మానుకుని ఒక్క సంగతి మీద దృష్టి పెట్టండి. గొరిల్లా ముక్కు మీది ముడతలు మన వేలిముద్రల్లాగే ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ట్రాకర్లు ప్రతి గొరిల్లానూ ఆ ముక్కు గీతలతోనే పేరు పెట్టి గుర్తుపడతారు. ఒక్క గొరిల్లాను ఎంచుకుని దాని ముక్కును గుర్తుపట్టేదాకా చూస్తే, ఒక గంట ఎంత పెద్దదో తెలుస్తుంది. దూరంగా ఉండటం వల్ల ఏదో కోల్పోతున్నామనే బాధ చాలావరకు సరిగ్గా చూడకపోవడం వల్ల వచ్చేదే.

దూరంగా ఉండాలన్న ఈ మాటకు ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది డబ్బు గురించి. రువాండాలో విదేశీయులకు ఒక గంట పర్మిట్ 1,500 డాలర్లు. 2017లో 750 నుంచి ఒకేసారి రెట్టింపు చేశారు. ఉగాండాలో 2024 జూలై నుంచి 800 డాలర్లు. మన లెక్కలో ఉగాండా పర్మిట్ 70 వేల రూపాయలకు అటూ ఇటూ, రువాండాది లక్షా పాతిక వేలకు పైనే. ఇంత కట్టి పది మీటర్ల దూరంలో నిలబడాలా అని అడగడం అన్యాయమేమీ కాదు. అయితే ఆ డబ్బు దేనికి వెళ్తుందో చూస్తే ప్రశ్న మారుతుంది. రోజూ కొండెక్కే ట్రాకర్లు, ఉచ్చులు ఏరేసే కాపలాదార్లు, పార్కు చుట్టూ ఉన్న గ్రామాలకు ఇచ్చే వాటా అన్నీ దాన్నుంచే రావాలి. రువాండా 2005 నుంచి పార్కు ఆదాయంలో 5 శాతాన్ని చుట్టుపక్కల ప్రజల పనులకు ఇస్తూ వచ్చింది, 2017లో దాన్ని 10 శాతానికి పెంచింది. రోజుకు ఎనిమిది మందినే పంపుతూ అడవిని నిలబెట్టాలంటే ఒక్కొక్కరి దగ్గర ఎక్కువ తీసుకోవాలి. ఎనభై మందిని పంపితే ధర తగ్గుతుంది, గొరిల్లాలూ తగ్గుతాయి. కట్టిన డబ్బు ఎక్కువైన కొద్దీ హక్కు ఎక్కువైందని అనిపించడం మన అందరిలోనూ ఉండే బలహీనత. ఆ భావనను ఇంటి దగ్గరే పట్టుకుని కూర్చోబెట్టాలి.

రెండో అభ్యంతరం మరీ నొప్పి కలిగించేది. ప్రయాణం రోజున జలుబు చేస్తే ఏం చేయాలి? ఇన్ని లక్షలు పెట్టి, ఇంత దూరం వచ్చి, గది కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చోవాలా? కూర్చోవాలి. దీనికి ఇంకో జవాబు లేదు. ముక్కు కారుతున్న సంగతి మాత్రలతో కప్పిపుచ్చి వెళ్లడం, నియమాలన్నింటిలో పెద్దదాన్ని తప్పడమే. కానీ ఆ పరిస్థితి రాకుండా చేసుకోగలిగింది చాలా ఉంది. పర్మిట్ కొనేటప్పుడే జబ్బు చేస్తే డబ్బు ఎంత వెనక్కి ఇస్తారో, తేదీ మార్చుకోవచ్చో లేదో రాతపూర్వకంగా అడగండి. దానికి తగ్గ ప్రయాణ బీమా తీసుకోండి. ఫ్లూ టీకా వేయించుకోండి. విమానంలో, బస్సులో మాస్కు పెట్టుకోండి. ట్రెక్‌ను ప్రయాణం చివర్లో కాకుండా మధ్యలో పెట్టుకుని ముందు ఒకటి రెండు రోజులు విశ్రాంతిగా ఉండండి. ఎల్లో ఫీవర్ టీకా వేరే సంగతి. ఉగాండా వెళ్లడానికి ఆ సర్టిఫికెట్ కావాలి. తిరిగొచ్చేటప్పుడు అది లేకపోతే మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే వీలుంది. టీకా వేసిన పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తరువాత జీవితాంతం పనికొస్తుంది. గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. చివరి వారానికి వాయిదా వేయకండి.

నడక గురించి క్లుప్తంగా చెబుతాను. ఆగి ఆగి అయినా అలిపిరి మెట్లు ఎక్కగలిగినవాళ్లకు ఈ కొండలు అసాధ్యం కావు గానీ, ఇక్కడ మెట్లు లేవు, బురద ఉంది, విరుంగా వైపు ఎత్తు రెండున్నర వేల మీటర్లు దాటుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి కాస్త పొడిగా ఉంటాయి. మందపాటి ప్యాంటు, చేతి తొడుగులు నెటిల్ ఆకుల నుంచి కాపాడతాయి. ఇక్కడ కూడా అడ్డొచ్చేది అహమే. ఉదయం బృందాలను విడదీసే సమయంలో మోకాళ్ల నొప్పి ఉందని, ఎక్కువ నడవలేనని నిజం చెబితే దగ్గరలో ఉన్న గుంపుకు పంపే ప్రయత్నం చేస్తారు. బొత్తిగా నడవలేనివారిని కుర్చీలో మోసుకెళ్లే ఏర్పాటు కూడా దొరుకుతుంది. సిగ్గుపడి దాచుకున్నవాళ్లు మధ్యలో ఆగిపోయి మిగతా ఏడుగురి రోజును కూడా చెడగొడతారు. సంచి బరువు లేకపోయినా పోర్టర్‌ను పెట్టుకోండి. జారేచోట చెయ్యి పట్టుకునే మనిషి అతను, మీరిచ్చే కూలి నేరుగా ఆ ఊరి ఇంటికి చేరుతుంది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఇంత ప్రమాదం ఉంటే అసలు వెళ్లకపోవడమే మంచిది కదా? నిజాయితీగా అడిగే ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఉగాండా, రువాండా రెండూ గొరిల్లా పర్యాటకాన్ని ఆపేశాయి. జూన్ మొదట్లో బ్విండిలో న్కురింగో గుంపుకు పెద్దయిన రఫీకి అనే సిల్వర్‌బ్యాక్ (వెండి వీపున్న పెద్ద మగ గొరిల్లా) ఈటె పోటుతో చచ్చి కనిపించింది. అడవి పందుల కోసం వచ్చిన వేటగాడు పొడిచాడు, కోర్టు అతనికి 11 ఏళ్ల శిక్ష వేసింది. ఒక్క సంఘటనతో పర్యాటకం ఉంటే ఇది జరిగేది కాదని తేల్చలేం. కానీ ఆదాయం ఆగిన పల్లెల్లో ఆకలి పెరిగితే అడవిలోకి ఉచ్చులు వస్తాయన్న మాట ఆ ప్రాంతంలో పనిచేసేవాళ్లంతా అప్పుడు చెప్పారు. మనం వెళ్లకపోతే గొరిల్లాలకు జబ్బు భయం తగ్గుతుంది, వేట భయం పెరుగుతుంది. వెళ్లి దూరంగా ఉంటే రెండూ తగ్గుతాయి. అందుకే వెళ్లడం, మానడం అనే రెండింటి మధ్య చర్చ నాకు అసంపూర్తిగా అనిపిస్తుంది. ఎలా వెళ్తున్నామన్నదాని మీదే ఫలితం ఆధారపడి ఉంది.

అడవి నుంచి వెళ్లగొట్టబడిన మనుషుల సంగతి దీనికన్నా కష్టం. ఉగాండాలోని బ్విండి, మగహింగ అడవులు 1991లో జాతీయ పార్కులయ్యాయి. తరతరాలుగా ఆ అడవిలో వేట, తేనె మీద బతికిన బట్వాలు బయట పడ్డారు. చాలామందికి భూమి దక్కలేదు, పరిహారం దక్కలేదు. వాళ్లకు అన్యాయం జరిగిందని 2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. పులుల అభయారణ్యం పేరుతో నల్లమలలో చెంచులను కదిలించే ప్రయత్నాలను చూసిన తెలుగువాళ్లకు ఇది కొత్త కథ కాదు. గొరిల్లాలు పెరిగాయి కాబట్టి ఆ బాకీ తీరిపోయిందని అనలేం, నేను అనను. ఒక సందర్శకుడు దాన్ని తీర్చలేడు, కానీ కనీసం పెంచకుండా ఉండగలడు. బట్వా బృందాలు చేసే ప్రదర్శనలు, అడవి నడకలు అక్కడ అమ్ముడవుతాయి. టికెట్ కొనేముందు ఈ డబ్బులో బట్వాల చేతికి ఎంత వెళ్తుందని సూటిగా అడగండి, సరైన జవాబు ఇచ్చినవాళ్ల దగ్గరే కొనండి. వాళ్లను ఫొటో తీసేముందు అడగండి, వద్దంటే కెమెరా దించండి. గొరిల్లా ముందు అలవరచుకున్న నిగ్రహం మనిషి ముందు లేకపోతే అది నిగ్రహం అనిపించుకోదు.

చివరగా, గొరిల్లా తానే దగ్గరికి వస్తే ఏం చేస్తామని చాలామంది అడుగుతారు. వస్తుంది, ముఖ్యంగా పిల్లలు ఆసక్తితో వస్తాయి. ఆగండి, మెల్లగా వెనక్కి జరగండి, దారి ఇవ్వండి. సిల్వర్‌బ్యాక్ గుండెలు బాదుకుంటూ ముందుకు దూకితే పరుగెత్తకండి. గైడ్ చెప్పినట్టు కిందికి ఒంగి, కళ్లు దించి కదలకుండా ఉండండి. చాలాసార్లు అది హెచ్చరిక మాత్రమే. ఇవన్నీ సరిగా చేసినా, ఆ రోజు ఒక పిల్ల గొరిల్లా మీ బూటు పక్క నుంచి వెళ్లినప్పుడు పక్కవాళ్లు తీసిన ఫొటో ఒకటి మీ ఫోన్‌లోకి వచ్చి ఉంటుంది. గొరిల్లా ట్రెకింగ్ హ్యాష్‌ట్యాగ్‌లతో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన 858 ఫొటోలను పరిశీలించిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. వాటిలో 86 శాతం ఫొటోల్లో మనుషులు నాలుగు మీటర్ల లోపే ఉన్నారు. తరువాత వచ్చే సందర్శకుడు ఆ ఫొటోలు చూసే బయలుదేరతాడు, గైడ్‌ను అవే అడుగుతాడు. అందుకే ఇంటికొచ్చాక అన్నీ పెట్టకండి. గొరిల్లాతో మీరు కలిసి ఉన్న దగ్గరి ఫొటోను, ఎంత బాగా వచ్చినా, మీ దగ్గరే ఉంచుకోండి. మాస్కుతో, దూరంగా నిలబడి చూస్తున్న ఫొటోను పెట్టి, ఎంత దూరం నుంచి తీశారో, ఏ లెన్స్ వాడారో కింద రాయండి. దగ్గరికి వెళ్లలేదా అని ఎవరైనా అడిగితే, ఎందుకు వెళ్లలేదో రెండు వాక్యాల్లో అక్కడే జవాబివ్వండి.